ఒంటి చెప్పు బోణీ

నిజామాబాద్ గంజ్ దారిలో బట్టల దుకాణాల వాళ్లకు నేనంటే గిట్టేది కాదు. అందులో వాళ్ల తప్పేం లేదు. పొద్దున్నే దుకాణం తెరిచి, ఊదుబత్తి వెలిగించి, గల్లా పెట్టెకు దండం పెట్టుకునే వేళకు నేను గుమ్మంలో ఉండేదాన్ని. మొదటి గిరాకీ ఉత్త చేతులతో దిగిపోతే ఆ రోజంతా వ్యాపారం నడవదని వాళ్ల నమ్మకం. వాళ్ల నమ్మకం నాకు లాభం. బోణీ గిరాకీని కాబట్టి నన్ను పొమ్మనలేరు. ఉన్న చీరలన్నీ విప్పించి, ఒక్కోదానికి ఒక్కో వంక పెట్టి, చివరికి ఒక తువ్వాలు తక్కువ ధరకు తీసుకుని వచ్చేదాన్ని.

బేరం కుదరకపోతే లేచేదాన్ని. గుమ్మం దగ్గర విడిచిన చెప్పుల్లో ఒకటి తొడుక్కునేదాన్ని. రెండోదాని విషయంలో తొందరపడేదాన్ని కాదు. కాలి బొటనవేలితో దాన్ని అటూ ఇటూ జరుపుతూ, కొంగు సర్దుకుంటూ, ఎండ ఎంతుందో చూస్తూ నిలబడితే లోపలి నుంచి పిలుపు వచ్చి తీరేది. నేను రెండో చెప్పు తొడిగేదాకా ఓపిక పట్టిన దుకాణదారు మా ఊళ్లో లేడు.

నా కొడుకు బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరు. వాడి పెద్ద కొడుకు తొమ్మిదో తరగతి పరీక్షలు రాసిన వేసవిలో జరిగిన సంగతి ఇది. పిల్లవాడు చదువులో మంచివాడే కానీ నోరు విప్పడు. చుట్టాలు వస్తే తలుపు చాటున నిలబడేవాడు. ఉప్పు తెమ్మని పంపితే దుకాణదారు తనంతట తాను వీడివైపు చూసేదాకా నిలబడేవాడు. ఆయన చూడకపోతే ఉప్పు లేకుండానే తిరిగొచ్చేవాడు.

"ఎంత సదివితే ఏం ఫాయిదా అమ్మా?" అన్నాడు నా కొడుకు, పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని టౌన్‌కు వచ్చినప్పుడు. "రేపు నౌకరికి పోతే పేరు అడుగుతరు. వీడు గోడ దిక్కు సూస్తడు. పదో తరగతి వద్దు, ఏం వద్దు. వచ్చే సీజన్‌కు చెరుకు బండ్ల కాడ నిలబెడ్త. ఎడ్లతోటి మాట్లాడే పని ఉండదు."

"ఎడ్లను గూడ అదిలియ్యాలె కదర," అన్నాను.

నేను చదివింది రెండో తరగతి, అదీ ఉర్దూ బడిలో. తెలుగు అక్షరాలు నా కొడుకు పలక మీద, వాడు పడుకున్నాక దిద్దుకున్నవే. మా ఇంట్లో పదో తరగతి గడప తొక్కినవాళ్లు అప్పటికి లేరు. అక్కడిదాకా వచ్చిన పిల్లవాణ్ణి ఎడ్ల దగ్గరికి తోలడం నాకు నచ్చలేదు.

"ఈ ఎండకాలం వీన్ని నా తాన ఇడిచిపెట్టు," అన్నాను. "ఒక దుకాణంల పనికి పెడ్త. బడి తెరిచేదాక నిలబడి జీతం తెచ్చిండంటే, పదో తరగతి నా ఇంట్ల ఉండి సదువుతడు. తిండి నాది. తేకుంటే నీ బండ్ల కాడికి తోలుకపో."

"నీ ఇంట్ల తిండా? వాడు తిరిగొచ్చేటాళ్లకు చెరుకు గడ లెక్క అయితడు."

"నువ్వు గదే తిండి తిని గింత పెరిగినవ్. ఇగ నడువు, బస్సు పోతది."

వేసవి అంటే మా వైపు లగ్గాల కాలం, పెళ్లిళ్ల రోజులు. చెరుకు, పసుపు అమ్ముకున్న రైతులు భీమ్‌గల్ నుంచి, మోస్రా నుంచి బండ్లు కట్టుకుని బట్టలకు టౌన్‌కే వచ్చేవాళ్లు. ఆ రద్దీకి దుకాణాల్లో ఉన్న గుమాస్తాలు చాలక, సెలవుల్లో ఉన్న హైస్కూల్ పిల్లల్ని పనికి పెట్టుకునేవాళ్లు. చీరలు మడత పెట్టాలి, అడిగిన మూట అందించాలి, వచ్చినవాళ్లకు మంచినీళ్లు ఇవ్వాలి. సీజన్ చివర జీతం, ఒక అంగీ గుడ్డ. ఎదుటివాళ్ల ముందు ఎలా నిలబడాలో, తిట్టినా ఎలా నవ్వాలో పిల్లలు అక్కడే నేర్చుకునేవాళ్లు. బడికి మనం ఫీజు కట్టాలి. ఇక్కడ నేర్పేవాళ్లే మనకు కడతారు. అంతకన్నా చవకైన చదువు నాకు తెలియదు.

అయితే నేను కదిలేసరికి దుకాణాలన్నీ నిండిపోయాయి. ఒక్క సేఠ్ దుకాణంలోనే చోటు మిగిలింది. ఆ సేఠ్‌కు నేనంటే మిగతావాళ్లందరికంటే భయం. మా గల్లీలో ఉండే టేలర్ భాయ్ మిషన్ ఆ దుకాణం అరుగు మీదే ఉండేది. ఆయన ద్వారానే సంగతి తెలిసింది.

"పిల్లగాన్ని నేను తోలుకపోత అక్కా," అన్నాడు టేలర్ భాయ్. "గని నీ మనుమడని మాత్రం చెప్పొద్దు."

"ఎందుకు చెప్పొద్దు? నేనేమన్న దొంగనా?"

"తౌబా తౌబా! దొంగ నయం అక్కా. దొంగ ఒక్క చీరె ఎత్తుకపోతడు. నువ్వు అన్ని చీరెలు ఇప్పిచ్చి పోతవ్."

అలా మా వాడు ఆ దుకాణంలో 'బోధన్ ఫిట్టర్ కొడుకు' అయ్యాడు. అందులో అబద్ధమేమీ లేదు.

మడత పెట్టడంలో వాడిని మించినవాడు లేడట. అంచుకు అంచు కలిపి, పుస్తకంలా పేర్చేవాడట. కానీ కొన్నాళ్లకు సేఠ్ టేలర్ భాయ్‌ని పిలిచి, "ఏం భాయ్, మూగ పిల్లగాన్ని అంటగట్టినవా?" అని అడిగాడట. ఆ మాట నా చెవిన పడిన రోజు సాయంత్రం నేను అరుగు మీద చాప పరిచి, సందుగు పెట్టెలోని నా చీరలన్నీ తెచ్చి దాని మీద పోశాను.

"నేను గిరాకీ. నువ్వు దుకాణం. అమ్ము," అన్నాను.

వాడు ఒకటి తీసి నా ముందు పెట్టాడు. "ఇది నీదే కదవ్వా."

"నాదని నాకెర్కే. అమ్ము."

"చినిగింది."

"అమ్మెటోడు చినిగిందంటడార?"

"మరేమనాలె?"

"గాలాడుతది అనాలె."

వాడు పక్కున నవ్వాడు. నాకు నవ్వు వచ్చింది కానీ నేను నవ్వలేదు. నేర్పేటప్పుడు నవ్వితే నేర్పినట్టు కాదు.

ఆ రోజు నుంచి వాడు పని నుంచి రాగానే మా అరుగు మీద దుకాణం తెరుచుకునేది. ఊళ్లోని సేఠ్‌లను నేను ఎన్ని రకాలుగా సతాయించానో అన్ని రకాలుగా వాణ్ణి సతాయించాను. పైనున్నది చూపిస్తే అడుగున ఉన్నది కావాలనేదాన్ని. అడుగునది లాగితే పైనున్నదే నయమనేదాన్ని. బోధన్‌లో ఇంతకన్నా తక్కువకే ఇస్తున్నారనేదాన్ని. కొనాలనిపించిన చీర వైపు మాత్రం కన్నెత్తి చూసేదాన్ని కాదు. చూస్తే అమ్మేవాడు ధర దిగడు. చివరికి లేచి, ఒక చెప్పు తొడుక్కుని నిలబడేదాన్ని.

మొదట్లో నేను లేవగానే వాడు హమ్మయ్య అనుకుని చీరలు మడవడం మొదలుపెట్టేవాడు. ఒకసారి మాత్రం మడవలేదు. కూర్చున్న చోటు నుంచే నా కాళ్ల వైపు చూశాడు.

"అవ్వా, నువ్వు పోతలేవు."

"ఎట్ల చెప్తవ్?"

"రెండో చెప్పు తొడగలే."

ఊళ్లోని సేఠ్‌లెవరూ పట్టని కిటుకు నా ఇంటి అరుగు మీద నా మనవడు పట్టాడు. "ఎర్కైంది పో, పోయి నీళ్లు తోడు," అన్నాను.

కానీ వాడి నోరు నా దగ్గరే విప్పుకుంది. దుకాణంలో మునుపటిలాగే ఉండేవాడు. ఒక సాయంత్రం మొహం వేలాడేసుకుని వచ్చాడు. కంచం ముందు కూర్చున్నాడు కానీ చేయి పెట్టలేదు.

"రేపు బోణీ నన్ను చెయ్యమన్నడు సేఠ్," అన్నాడు. "చేస్తే సీజన్ అంత ఉంచుకుంటడట. లేకుంటే ఇంటికి పొమ్మన్నడు. జీతం గూడ లేదట."

"చెయ్యి మరి."

"ఎవలొస్తరో ఏమో అవ్వా. కొత్తోళ్లను సూస్తే నాకు మాట రాదు. బండ్ల కాడికే పోత."

"తిను ముందు. అన్నం పారేస్తే ఊకోను," అన్నాను. కానీ మనసులో ఒక ఆలోచన వచ్చింది. కొత్తవాళ్లతోనే కదా వీడికి మాట రానిది. మొదటి గిరాకీ కొత్తది కాకపోతే? ఇంట్లో తువ్వాలు ఎప్పటి నుంచో గాలాడుతూనే ఉంది. తొక్కు పచ్చళ్లకు ఏడాది సరిపడా మిరపకాయలు కొనడానికి మర్నాడు ఎలాగూ గంజ్‌కు పోవాలి. దారిలో ఒక తువ్వాలు కొంటే వాడి బోణీ అయిపోతుంది. వాడికి ఈ సంగతి చెప్పలేదు. చెబితే వాడి మొహమే మమ్మల్ని పట్టిస్తుంది.

మర్నాడు నేను వెళ్లేసరికి టేలర్ భాయ్ మిషన్‌కు నూనె వేస్తున్నాడు. నన్ను చూడగానే చేతిలోని నూనె సీసా వంగిపోయింది.

"యా అల్లా! అక్కా, నువ్వెందుకొచ్చినవ్? పిల్లగాని నౌకరి పోతది ఇయాల!"

"గందుకే వచ్చిన. ఒక తువ్వాలు కొనుక్కొని పోత. నువ్వు కుట్టుకో."

చెప్పులు మెట్టు దగ్గర విడిచి పైకెక్కాను. పరుపు మీద తెల్లదుప్పటి సర్దుతున్న మా వాడు తలెత్తి, "అవ్..." అని మిగతాది మింగేశాడు. గల్లా పెట్టె దగ్గర సేఠ్ చేతిలో ఊదుబత్తి తిరగడం ఆగిపోయింది. ఆయన పిల్లవాణ్ణి దగ్గరికి పిలిచి గొంతు తగ్గించి మాట్లాడాడు. నా చెవులు మంచివి.

"గీ అమ్మ మొత్తం దుకాణం ఇప్పిస్తది. ఇప్పిచ్చి ఇప్పిచ్చి ఒక్క తువ్వాలు కొంటది. లగ్గాల సీజన్‌ల తువ్వాలు బోణీ నాకొద్దు. చీరె అమ్ము, సీజన్ అంత ఉంటవ్. తువ్వాలు అమ్మినవంటే, గదే తువ్వాలు భుజాన ఏసుకొని ఆమె ఎంబడే ఇంటికి పో."

తువ్వాలు అని అడగబోయిన నోరు మూసుకున్నాను. నా కొంగున ఉన్నవి మిరపకాయల పైసలు. చీర కొంటే ఏడాది తొక్కుల సంగతి ఏమిటి? కొనకపోతే పదో తరగతి సంగతి ఏమిటి? పోనీ ఒక చవక చీర తీసుకుందామా అంటే, నేను మాట్లాడకుండా చీర కొన్నానంటే సేఠ్ నమ్మడు. ఏదో మతలబు ఉందని తవ్వుతాడు. మనవడని తేలుతుంది.

"చీరెలు సూపియ్యి పిల్లగా," అన్నాను.

వాడు మొదటిది పరిచాడు.

"అంచు సన్నగున్నది," అన్నాను.

రెండోది పరిచాడు.

"గిదేం రంగు? కడిగిన పప్పు లెక్క ఉన్నది."

మూడోది పరిచేసరికి నేను వాణ్ణి కాపాడడానికి వచ్చాననే మాటే మరిచిపోయాను. నోటికి అలవాటైన పని నోరు చేసుకుపోయింది. "గింత పలుచగున్నది, ఇది చీరెనా, జల్లెడనా?"

వాడు నా మొహం వైపు చూశాడు. సేఠ్ వాడి వైపు చూస్తున్నాడు.

"ఎండకాలం కద పెద్దమ్మా," అన్నాడు మా వాడు. "గాలాడుతది."

అరుగు మీద టేలర్ భాయ్ మిషన్ టక్కున ఆగింది. నేను పెదవి కొరుక్కున్నాను. ఇక ఆ తరువాత వాడికి మాటలు వచ్చాయి. ఇన్నాళ్లూ ఎక్కడ దాచాడో తెలియదు. "మీ రంగుకు ఇది నప్పుతది పెద్దమ్మా" అన్నాడు. "ఇది కట్టుకుంటే ఎవలడిగిన మా దుకాణం పేరు చెప్పుండ్రి" అన్నాడు. మధ్యలో, "ఎండల వచ్చిండ్రు, నీళ్లు తెస్త," అని లేచి, అరుగు మీది కుండ దగ్గరికి పోయి కొంచెం ఆలస్యంగా చెంబుతో వచ్చాడు. వచ్చి, అడుగు మూటలో నుంచి మిరపపండు రంగు నారాయణపేట చీర తీసి నా ముందు పరిచాడు.

నేను చటుక్కున గోడ మీది గడియారం వైపు చూశాను.

"పెద్దమ్మా," అన్నాడు వాడు, "అన్నిటికి వంక పెట్టిండ్రు. దీన్ని సూస్తనే లేరు. ఇదే నచ్చినట్టున్నది."

సేఠ్ తల పైకెత్తాడు. నా సొంత మనవడు, నా అరుగు మీద నేర్చిన విద్యతో, నన్ను నడి దుకాణంలో పట్టుకున్నాడు.

"ఎంతేంది?" అన్నాను. వాడు చెప్పాడు. ఆ ధరకు మిరపకాయలు సగానికి సగం పోతాయి.

"బోధన్‌ల సగం ధరకే ఇస్తున్నరు."

"ఏ దుకాణంల పెద్దమ్మా? మాది బోధనే. అడిగొస్త."

కొంచెం తగ్గితే తీసుకుందాం అనుకున్నాను. చీర కొన్నాక నాలుగు మిరపకాయలైనా మిగలాలి కదా. సేఠ్ కళ్ల ముందు ధర తగ్గించి నన్ను పిలిచినా పిల్లవాడికి మంచి పేరే. అలా అనుకుని లేచి, మెట్టు దగ్గరికి పోయి, ఒక చెప్పు తొడుక్కున్నాను.

రెండో చెప్పు లేదు.

మెట్టు కింద చూశాను. కుండ వెనక చూశాను. పక్కనే టేలర్ భాయ్ మిషన్ గిరగిరా తొక్కుతున్నాడు. సూది కింద బట్ట లేదు. దారం లేదు. ఆయన చూపు ఆకాశం మీద ఉంది. తొక్కుడు పలక మీద ఆయన కాళ్లు ఆడుతున్నాయి. పలక కింద నా చెప్పు పట్టీ కనిపిస్తోంది.

అరవడానికి నోరు తెరిచాను. అరిస్తే ఎవరు దాచారని సేఠ్ అడుగుతాడు. నీళ్లకని అరుగు మీదికి పోయింది ఒక్కడే. గిరాకీ చెప్పు దాచిన పిల్లవాణ్ణి ఏ దుకాణంలో ఉంచుకుంటారు? నోరు మూసేశాను.

"ఏమైందమ్మా?" అన్నాడు సేఠ్ లోపలి నుంచి.

"ఏం లేదు, ఏం లేదు," అన్నాను.

మా వాడు నా పక్కకు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "చెప్పు కనిపిస్తలేదా పెద్దమ్మా? కుక్క గిట్ల గుంజుకపోయిందేమో. నేను ఎతుకుత. అప్పటిదాక లోపల కూసోని చీరె మళ్లొక్కసారి సూడుండ్రి." తరువాత నాకొక్కదానికే వినబడేలా, "ఇగ నువ్వు పోలేవవ్వా," అన్నాడు.

తొడుక్కున్న ఒంటి చెప్పు కూడా విడిచి లోపలికి పోయాను. ఇంకా బేరమాడితే మళ్లీ లేవాలి. లేస్తే పోవడానికి చెప్పు లేదు. కొంగు ముడి విప్పాను. సేఠ్ ఆ పైసలు కళ్లకు అద్దుకున్నాడు. అందరి పైసల్లా గల్లాలో వేయకుండా, కాసేపు అరచేతిలోనే పట్టుకుని చూశాడు.

"బేటా," అన్నాడు మా వాడితో, "గీ అమ్మకు చీరె అమ్మినవ్. ఇగ నువ్వు ఎవలకైన అమ్ముతవ్. బడి తెరిచేదాక ఎటు పోకు."

"దొరికింది పెద్దమ్మా!" అని అరుగు మీద నుంచి వాడి కేక. "మిషన్ కిందికి జరిగింది."

"అరే, నా కాలు కిందనే ఉన్నదా! నాకేం ఎర్క!" అన్నాడు టేలర్ భాయ్.

చెప్పు తొడుక్కుంటూ, "భాయ్, జర సూది కింద బట్ట పెట్టుకొని కుట్టు," అని చెప్పి దిగి వచ్చాను. గంజ్‌కు పోతే మిగిలిన పైసలకు సగం మిరపకాయలే వచ్చాయి.

సాయంత్రం చీపురు ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. వాడు గల్లీ మలుపు దగ్గరే ఆగాడు.

"కొడ్తవా అవ్వా?"

"కొట్టను. దగ్గరికి రా. గీ చీరె వాపస్ తీస్కపో."

"బోణీ బేరం వాపస్ లేదవ్వా," అన్నాడు అక్కడి నుంచే, గల్లీ అంతా వినబడేలా. ఉప్పు అడగడానికి నోరు రాని పిల్లవాడు! చీపురు పక్కన పెట్టాను. ఆ సాయంత్రమంతా దుకాణంలో ఎవరు వచ్చారో, ఏమన్నారో, వీడేమన్నాడో చెబుతూనే ఉన్నాడు. చివరికి "జర నోరు మూసుకొని తిను" అని నేనే అనాల్సి వచ్చింది.

బడి తెరిచే ముందు నా కొడుకు బోధన్ నుంచి వచ్చాడు. మా వాడు తెచ్చిన జీతం, అంగీ గుడ్డ చాప మీద పెట్టి ఉన్నాయి. కొడుకు వాటిని చూశాడు, పిల్లవాణ్ణి చూశాడు. పిల్లవాడు గోడ వైపు చూడలేదు. తండ్రి భుజం దగ్గర అతుకు వేసిన అంగీ వైపు చూశాడు.

"బాపూ, నీ అంగి మంచిగ గాలాడుతున్నది," అన్నాడు. "ఈ గుడ్డ నువ్వే కుట్టిచ్చుకో. టేలర్ చాచా మనకు తక్కువ తీసుకుంటడు, నేను మాట్లాడిన."

"ఏం చేసినవమ్మా వీన్ని?" అన్నాడు నా కొడుకు.

"నేనేం చేయలే. దుకాణంల పెట్టిన, అంతే. ఇగ నీ బండ్ల కాడికి నువ్వొక్కడివే పో."

ఒప్పుకున్న మాట ప్రకారం పిల్లవాణ్ణి నా దగ్గరే విడిచి వెళ్లాడు. టౌన్ హైస్కూల్లో పేరు రాయించడానికి పోయినప్పుడు, పేరేమిటని అక్కడి సారు అడిగితే వీడు పేరు చెప్పి, తండ్రి పేరు చెప్పి, ఊరు చెప్పి, సారు అడగకముందే ఇంకేమో చెప్పబోతుంటే నేనే మోచేత్తో పొడిచాను.

ఆ ఏడు మా మామిడికాయ తొక్కు జ్వరం వచ్చినట్టు పాలిపోయి ఉంది. జాడీ మూత తీసిన ప్రతిసారీ వాడు మొహం చిట్లించేవాడు.

"అవ్వా, తొక్కుల కారమే లేదు."

"ఉన్నది. సందుగుల మడత పెట్టి ఉన్నది. కావాలంటే పోయి తెచ్చుకో."

ఇక మాట్లాడకుండా కలుపుకునేవాడు. పదో తరగతి పరీక్షలయ్యేదాకా ఆ చప్పిడి తొక్కుతోనే అన్నం తిన్నాడు.